అవ్వ దాచుకున్న మాట

నా చిన్నప్పుడు మా కోసపాళయం సందులో ధైర్యవంతుడు అనిపించుకోవడం అంత సులువు కాదు. మొదట చావాలి. ఆ తర్వాత పక్కింటి అవ్వ ఒప్పుకోవాలి.

నవ్వొచ్చిందా? నవ్వండి. నేను ఏ సంగతి చెప్పినా జనం నవ్వుతారు, అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషిని. మాది తమిళం ఊరు కాబట్టి ఆ ఆరేళ్ళూ చదివినది తమిళం. ఈ తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించినవి. మా సందులో అన్ని ఇళ్ళల్లోనూ తెలుగే మాట్లాడేవాళ్ళు గానీ, చదవడం మా నాయన ఒక్కడికే వచ్చు. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆయనను అడగండి. ఆయన లేడు. నేను చెప్పబోయేది ఆ సంగతే.

ముందు అవ్వ గురించి చెప్పాలి. పక్కింటి అవ్వ చావు ఇళ్ళల్లో ఏడుపు పాట పాడేది. చుట్టుపక్కల తమిళం వాళ్ళకు వాళ్ళ ఒప్పారి పాట ఉండేది, మాకు మా అవ్వ ఉండేది. ఎవరింట్లో ఎవరు పోయినా కబురు ముందు అవ్వకు చేరేది, ఆ తర్వాతే చుట్టాలకు. ఆమె కొప్పు విప్పుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, శవం తల దగ్గర కూర్చునేది. కూర్చోగానే పాడేది కాదు. తమలపాకు బుగ్గన పెట్టుకుని, జనం మొహాల్లోకి ఒకసారి చూసి అడిగేది, “ఎవురు చూసినారు? ఏం చూసినారు?” అని.

అదీ ఆమె పద్ధతి. పోయిన మనిషి గురించి ఎవరో ఒకరు తమ కళ్ళతో చూసింది చెప్పాలి. చెప్పినదాన్ని ఆమె పాటలో అల్లేది. చూసినవాళ్ళు లేని మాట ఆమె నోట వచ్చేది కాదు. “సచ్చినోళ్ళ మీద గుడ్డ కప్పొచ్చు, అబద్ధం కప్పగూడదు” అనేది.

చల్లని తల్లి, బంగారు చెయ్యి, మాట పడని మనిషి, ఇలాంటి మాటలు అవ్వ అందరికీ ధారాళంగానే పంచేది. ధైర్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిరసనాయిలు కొలిచినట్టు కొలిచేది. మనిషికి ఒక్క మాటే. తుఫాను రోజున మోకాటి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి కాన్పు చేసి వచ్చిన మంత్రసాని పోయినప్పుడు, ఆమెకు సాహసం అనే మాట ఇచ్చింది. కాలిపోతున్న గుడిసెలోకి దూరి ముసలాయనను భుజాన వేసుకొచ్చిన కల్లు గీసే ఆయనకు తెగువ. ఇంకొకాయన, ఎవరో రౌడీని నడివీధిలో చెంప పగలగొట్టినవాడు, పోతే ఆ ఇంటివాళ్ళు పౌరుషం అనే మాట కావాలని పట్టుబట్టారు. అవ్వ తాపీగా అడిగింది, “కొట్టినప్పుడు తాగుండాడా?” అని. తాగి ఉన్నాడని చెప్పారు. “అట్లయితే ఆ పౌరుషం సారాయిది. సారాయి సచ్చినప్పుడు పాడతాలే” అని, ఆయనకు మంచి కడుపు, మంచి ఆకలి గలవాడని పాడి వచ్చేసింది.

మాకు పిల్లలకు ఈ మాటలు బాగా నోటికి వచ్చేశాయి. ఎవరు బతికుండగానే ఏ మాటకు లాయకో పందెం వేసుకునేవాళ్ళం. అందరికీ ఏదో ఒకటి తగిలేది. మా నాయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆట ఆగిపోయేది.

మా నాయన బట్టల మిల్లులో పని చేసేవాడు. సన్నటి మనిషి. వీధిలో ఎవరైనా గొంతు పెంచితే పక్క సందులోకి తిరిగేవాడు. కుక్క ఎదురొస్తే కుక్కకే దారి ఇచ్చేవాడు. వీరాంపట్టినం రథోత్సవానికి తీసుకువెళ్తే, జనంలో తోపులాటకు భయపడి మమ్మల్ని ఎంత వెనక్కి నిలబెట్టేవాడంటే, నాకు తేరు పైన జెండా తప్ప ఇంకేమీ గుర్తు లేదు. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఆయన పాదాలు కూడా తడుపుకోలేదు. ఇవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతి చెంబు.

మా సందు మధ్యలో ఒక ఒరల బావి ఉండేది. బావిలో బిందె పడితే తీయడానికి ఇనుప కొక్కేల గుత్తి ఒకటి, దానికి పొడుగాటి తాడు. పాతాళ కరండి అనేవాళ్ళం. సందు మొత్తానికి అది ఒక్క అవ్వ దగ్గరే ఉండేది. దాన్ని ఎవరూ ఊరికే తెచ్చుకోకూడదు. మన ఇంటి నుంచి చెంబో గిన్నో తీసుకువెళ్ళి అవ్వ గడప దగ్గర పెట్టాలి, అప్పుడు కరండి తీసుకోవాలి. పని అయ్యాక కరండి ఇచ్చి చెంబు తెచ్చుకోవాలి. కరండి తిరిగి రాదేమో అన్న అనుమానంతో పెట్టిన పద్ధతి కాదు అది. ఊరికే ఇచ్చిన కరండికి బావి తన కడుపులో ఉన్నది వదలదని మా వాళ్ళ నమ్మకం. ఇంట్లో పాత్ర పెడితే బావిలో పాత్ర పైకి వస్తుంది. మీరు నమ్మకపోతే పోనీ, మా సందులో నమ్మనివాళ్ళు లేరు.

నాకు ఏడేళ్ళప్పుడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేనే ఆ బావిలో పడ్డాను. ఎలా పడ్డానో చెబితే నా మీద మీకు జాలి కలగదు. నా తోటి ఆడపిల్లలను ఇద్దరిని కూర్చోబెట్టి, బావి గట్టు మీద ఎడమ కాలు ఈడుస్తూ అవ్వ నడక నడిచి చూపిస్తున్నాను. వాళ్ళు నవ్వుతున్నారు. ఇంకొంచెం నవ్విద్దామని ఇంకొంచెం ఈడ్చాను. చేదా, తాడూ, నేనూ, ముగ్గురం కలిసే వెళ్ళాం లోపలికి.

ఎండాకాలం కాబట్టి నీళ్ళు నా రొమ్ము దాకానే ఉన్నాయి. కాళ్ళ కింద బురద. ఆ బురద నన్ను మెల్లగా కిందికి పిలుస్తోంది. పైన గుండ్రంగా పళ్ళెమంత ఆకాశం. ఆడపిల్లలు అరుస్తూ పరిగెత్తారు. మగవాళ్ళందరూ మిల్లులో, ఆడవాళ్ళు పనుల్లో. సందులో ఉన్న మగమనిషి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మా నాయన ఒక్కడే. ఆ గుండ్రంలో ఆయన మొహం కనపడింది. నన్ను చూశాడు. నేను ఆయనను చూశాను. నోరు తెరిచి ఏదో అన్నాడు, వినపడలేదు. ఆ తర్వాత మొహం పోయింది.

ఉత్త ఆకాశం మిగిలింది.

ఎంతసేపో నాకు తెలియదు. ఏడేళ్ళ పిల్లకు లెక్కలు ఏం తెలుస్తాయి. నీళ్ళు రొమ్ము దగ్గర నుంచి మెడ దగ్గరకు వచ్చేంతసేపు. అప్పుడు ఆయన మొహం మళ్ళీ వచ్చింది, కరండి కిందికి దిగింది. కొక్కెం ఒకటి నా లంగా బొందుకు తగిలించుకుని, తాడు రెండు చేతులా పట్టుకున్నాను. చేద లాగినట్టే లాగాడు మా నాయన. పైకి వచ్చి చూస్తే ఆయన అరచేతుల తోలు తాడు మీద ఉంది.

సాయంత్రానికి సందంతా మా వాకిట్లో ఉంది. ఎదురింటి ఆమె, అప్పుడే పని నుంచి వస్తూ చూసిందట, చేతులు తిప్పుతూ చెప్పింది, “బిడ్డ బావిలో ఉంటే ఈయన చెంబు ఎత్తుకోని పరిగెత్తతా ఉండాడమ్మా! నేను దొడ్డికి పోతాడేమో అనుకుంటి!” అని. ఒక్కసారిగా నవ్వు. మా నాయన చేతులకు కట్టిన గుడ్డలు చూసుకుంటూ మెల్లగా అన్నాడు, “అవ్వ నిద్దరపోతా ఉండె. ఊరికే ఎత్తుకొస్తే బాగుండదని, నేనే ఇంటికి పోయి చెంబు తెచ్చి ఆడ పెట్టి తీసుకొస్తి.” ఇంకా పెద్ద నవ్వు. పద్ధతి అంటే ఇదిరా, పిల్ల మునిగినా పద్ధతి మునగకూడదురా, అని ఎవరో అన్నారు. అవ్వ తన గడపలో కూర్చుని ఉంది. కరండి కొక్కేలను కొంగుతో తుడుస్తోంది.

ఆ రోజు నుంచి మా నాయన పేరు చెంబాయన. మిల్లు గేటు దగ్గర కూడా అదే పేరు.

ఆ పేరుకు ఆట కట్టింది ఎవరనుకున్నారు? నేనే. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి చెంబాయన ఆట సందులో పెద్ద పేరు తెచ్చుకుంది. పెళ్ళిళ్ళకు కూడా అడిగి మరీ ఆడించేవాళ్ళు. చంకలో చెంబు, భుజాలు వంచి, చిన్న చిన్న అడుగులు, అటు బావి వైపు ఒక చూపు, ఇటు చెంబు వైపు ఒక చూపు. “ఉండు పాపా, మునగమాక, చెంబుకు చింతపండు పెట్టి తోముకోని వస్తా!” అని అరిచేదాన్ని. జనం కడుపులు పట్టుకునేవాళ్ళు. మా నాయన కూడా జనంలో నిలబడి, దగ్గు రాకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. ఒకరోజు ఆట అయిపోయాక నన్ను పక్కకు పిలిచి, “బాగా చేస్తావే పాపా. ఇంకొంచెం వొంగి నడువు. నేను అంత నిక్కుగా నడవను” అన్నాడు. నేను వెంటనే సరిదిద్దుకున్నాను.

ఎందుకు చేశావే అంటే ఇప్పుడు చెప్పగలను, అప్పుడు తెలియదు. పదిమంది నవ్వుతుంటే ఆ గుండ్రంలో ఉత్త ఆకాశం కనపడదు. నేను నీళ్ళల్లో ఉన్నాను, మా నాయన నన్ను చూశాడు, చూసి వెళ్ళిపోయాడు, చెంబు కోసం. ఆ మాటను ఏడుపుగా మోయడం నా వల్ల కాలేదు. నవ్వుగా అయితే ఐదేళ్ళు మోశాను.

ఐదేళ్ళకు మా నాయన పోయాడు. మిల్లు దూది ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు ముదిరింది, ఆఖరికి ఒక ఉదయం దగ్గు ఆగింది. మా అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడవలేదు. మధ్యాహ్నం నాలుగింటికి ఎత్తాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. నాకు పన్నెండేళ్ళు. నాకు ఒకే ఒక్క దిగులు పట్టుకుంది. అవ్వ వస్తుంది, ఎవరు చూశారని అడుగుతుంది, మా నాయనకు ఇవ్వడానికి ఏ మాటా దొరకదు. ధైర్యం పేరుతో చిన్న ముక్క కూడా లేకుండా, చెంబాయనగానే ఆయన సందు దాటి పోతాడు. ఆ పేరును అంత గట్టిగా అతికించినది నా చేతులే.

పరిగెత్తి అవ్వ ఇంటికి వెళ్ళాను. గడపలో కూర్చుని తల విప్పుకుంటోంది.

“అవ్వా, మా నాయనకి ఒక మాట ఇయ్యవ్వా.”

“ఏం మాటే?”

“వీరుడు అనవ్వా.”

“యాడికి పోయినాడే యుద్ధానికి?”

“సరే, అది వొద్దు. తెగువ అను. ధైర్యం అను. చిన్నది ఏదో ఒకటి. నీ కాడ అన్ని ఉండాయి గదా!”

అవ్వ నా మొహంలోకి చూడలేదు. దువ్వెన వైపు చూస్తూ అంది, “చూసినోళ్ళు ఉంటే ఇస్తా. పోయి తీసుకురా.”

పోయాను. సందులో ఒక్కొక్క వాకిలీ ఎక్కి అడిగాను. మా నాయన ధైర్యంగా ఏమైనా చేయగా చూశారా అని, వంకాయలున్నాయా అని అడిగినట్టు. అందరూ నా తల నిమిరారు. మంచోడమ్మా అన్నారు. ఎవరి జోలికీ పోడు అన్నారు. ఉత్తరం వస్తే చదివి పెట్టేవాడు, చెడ్డ కబురైతే గొంతు తగ్గించి చదివేవాడు అన్నారు. టీ కొట్టాయన చాలాసేపు ఆలోచించి, “ఒకసారి సూది వేయించుకునేటప్పుడు అరవలేదు పాపా” అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగా వెతికి ఇచ్చాడు. నేను మూసిన అంగడికి పోయినట్టు ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

అవ్వ వచ్చి తల దగ్గర కూర్చుంది. తమలపాకు బుగ్గన పెట్టుకుంది. “ఎవురు చూసినారు? ఏం చూసినారు?” అంది. జనం మంచోడనే మాటలు చెప్పారు. అవ్వ తల ఊపింది. రెండోసారి అడిగింది. మూడోసారి అడిగినప్పుడు వెనక నుంచి ఎవరో వయసు కుర్రాడు, గొంతులోనే, “చెంబు” అన్నాడు.

ఒక ముక్కు చీదినట్టు శబ్దం. ఆ తర్వాత ఇంకొకటి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చావు ఇంట్లో నవ్వు వస్తే ఆపడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా. నేను తిరిగి చూశాను. ఆ కుర్రాడు పాపం తల దించుకున్నాడు గానీ, ఆ మాట అనడానికి భుజాలు ఎలా వంచాలో అలాగే వంచి ఉన్నాడు. ఆ వంపు నాది. నేను నేర్పినది. మా నాయన దగ్గరుండి సరిదిద్దినది. మా అమ్మ తల ఎత్తి, ఆ కుర్రాడిని కాదు, నన్ను చూసింది.

అవ్వ లేచింది. ఆకు ఉమ్మేసి, కాలు ఈడ్చుకుంటూ వాకిలి దాటి వెళ్ళిపోయింది. పాట లేకుండానే ఎత్తాలేమో అని మగవాళ్ళు గుసగుసలాడారు. ఇంతలో తిరిగి వచ్చింది. చేతిలో ఒక ఇత్తడి చెంబు ఉంది. మాదే. అంచు మీద సొట్ట నాకు తెలుసు. ఆ రోజు మా నాయన కరండి తిరిగి ఇచ్చాడు గానీ చెంబు తెచ్చుకోలేదు. ఐదేళ్ళుగా అది అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. అడిగితే మళ్ళీ నవ్వుతారని అడగలేదు అనుకునేదాన్ని.

అవ్వ ఆ చెంబును మా నాయన తల దగ్గర పెట్టింది. “నేను చూసినా” అంది. వెంటనే పాట ఎత్తుకుంది.

“తప్పుకోని నడిచినోడా, తల వంచి తిరిగినోడా,
తాడు కోసం వస్తివి నాయనా, నా తలుపు కాడికి వస్తివి.
పాప బావిలో ఉందంటివి, పానం పోతా ఉందంటివి,
చెంబు యాడరా అంటి నేను, చెయ్యి వదలక పోతి నేను.
ఊరికిస్తే బావి మింగునని ఉసురు బిగబట్టి నిలిస్తి,
భయపడింది నేను నాయనా, పేరు నీకు వచ్చె నాయనా.”

ఎదురింటి ఆమె కొంగు నోట్లోనే ఉండిపోయింది. అవ్వ పాట ఆపి, మామూలు గొంతుతో, పడుకున్న మనిషితో మాట్లాడినట్టు మా నాయనతో మాట్లాడింది.

“నేను నిద్దరపోలేదు గదరా. మేలుకోనే ఉండాను. కరండి నా చేతిలోనే ఉండె. నువ్వు దండం పెడితివి. లాక్కోని పోయుండొచ్చు, నేనేమన్నా పైల్వానునా? ముసిలిదాన్ని తొయ్యలేక ఇంటికి పరిగెత్తితివి. పొద్దుకూకి నేను వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటే ఏమంటివి? అవ్వా, నువ్వు చెంబు అడిగినట్టు ఎవురికీ చెప్పమాక. నన్ను నవ్వితే నాకేం పోదు. నిన్ను అంటే ఇంక సావుకు ఎవురూ పిలవరు, నువ్వేం తింటావు, అంటివి. ఐదేండ్లు, నాయనా. నీ బిడ్డ చెంబు పెట్టుకోని ఎగరతా ఉంటే, నువ్వు నన్ను చూస్తివి, నేను నిన్ను చూస్తిని. ఒక్కనాడు నోరు తెరిస్తివా?”

మళ్ళీ పాట అందుకుంది.

“నవ్వినోళ్ళ నవ్వులన్నీ నడుముకు కట్టుకుంటివి,
కన్నబిడ్డ నవ్వితేను కడుపులోన దాస్తివి.
నాకని దాచిన మాటరా, నా పాడెకని దాచినానురా,
గుండె దిటవు గల కొడకా, నువ్వే కట్టుకోని పోరా.”

గుండె దిటవు. ఆ మాట అంతకు ముందు అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. మా పందాల్లో కూడా అది ఎప్పుడూ లేదు. ఒకసారి నేను అడిగితే, అది నాది, నేను పోయినప్పుడు ఎవరైనా పాడితే పాడతారు, అని చెప్పింది. ఆమె మొగుడు, ఇద్దరు కొడుకులు పోయినా ఒంటరిగా నిలబడిన మనిషి. ఆ మాట తనకు తగినదే. ఆ రోజు తీసి ఇచ్చేసింది.

నేను ఏడ్చానా అంటారా? ఏడవలేదు. నాకు నవ్వు వచ్చినట్టు మొహం వంకర పోయింది, గొంతులో నుంచి ఏదో శబ్దం వచ్చింది, అందరూ నన్నే చూశారు. అది ఏ శబ్దమో ఇప్పటికీ నాకు తెలియదు. మా నాయన పాదాల దగ్గర కూర్చుని, “నాయనా, ఇంకొంచెం వొంగి నడవాల్నా?” అని అడుగుతున్నానని మా అమ్మ తర్వాత చెప్పింది.

ఆయన భయపడ్డ సంగతి నిజమే అయింది. ఆ తర్వాత సందులో చాలామంది అవ్వ మొహం చూడటం మానేశారు. మునుగుతున్న బిడ్డకు తాడు ఇవ్వని మనిషి అన్నారు. ముందు మా నాయనను నవ్విన నోళ్ళే ఇప్పుడు ఆమెను తిట్టాయి, నోళ్ళకు ఏదో ఒక పని కావాలి. రెండు చావులకు వేరే ఊరి నుంచి మనిషిని పిలిపించుకున్నారు. మా అమ్మ పది రోజులు అవ్వ గడప వైపు తిరిగి చూడలేదు. పదకొండో రోజు గిన్నెలో అన్నం, మీద ఇంత చారు పోసి నా చేతికి ఇచ్చి, “అవ్వకి ఇచ్చిరా. ఆయన ఉంటే ఇమ్మనేవాడు” అంది. అప్పటి నుంచి ఆ గిన్నె రోజూ వెళ్ళింది. నేనే తీసుకువెళ్ళేదాన్ని, బడి మానేసి మిల్లు క్యాంటీన్లో కప్పులు కడిగే పనిలో చేరాక కూడా.

ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పావవ్వా, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా అని. అవ్వ అన్నం కలుపుతూ, “చెప్పకుంటే నా నోట్లో మాటలన్నీ పులిసిపోతాయే” అంది. ఇంకో ముద్ద తిని, “నువ్వు బాగా చేసేదానివే నీ నాయన మాదిరి” అంది. అది నన్ను తిట్టిందో, ఓదార్చిందో నాకు ఈ రోజు వరకు తేలలేదు.

ఆరేళ్ళ తర్వాత అవ్వ పోయింది. పాడటానికి ఎవరూ లేరు. నా గొంతు మిల్లు కూత లాంటిది, నాకు తెలుసు, అయినా తల దగ్గర కూర్చున్నాను. ఎవరు చూశారని నేనే అడిగాను, నేను చూశానని నేనే చెప్పాను. అందరి ముందు తన తప్పు తనే పాడుకుంది, తన మాట తనే తీసి ఇచ్చేసింది, నేను చూశాను అని. ఆమెకు ఇవ్వడానికి పెద్ద మాటలు నా దగ్గర లేవు. ధైర్యం అన్నాను. ఉత్త ధైర్యం. జనంలో ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు నేను మూలకుళంలో మా కూతురి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ మనిషి పోయిన గంటకల్లా ఫ్లెక్సీ వస్తుంది, దాని మీద ఎర్రటి తమిళ అక్షరాలతో మావీరన్, అంటే మహావీరుడు, అని ఉంటుంది. మొన్న మా వీధి చివర ఒకాయనకు కట్టారు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేవాడు ఆయన. నా నాలుక చివర మంచి ఎగతాళి తయారైంది, పక్కన మా మనవరాలు నవ్వడానికి సిద్ధంగా ఉంది. నోరు మూసుకున్నాను. ఎవరు చూశారో, ఏం చూశారో, నాకేం తెలుసు. నేను ఇప్పటికీ నవ్విస్తాను, అది లేకపోతే నాకు అన్నం అరగదు. కానీ ఎవరి గురించి నవ్వబోయే ముందైనా, ఆ మనిషి కూడా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని జనంలో నిలబడి ఉన్నాడేమోనని ఒకసారి చూస్తాను.

అవ్వ కరండి నా దగ్గరే ఉంది. చెంబు కూడా. ఎవరైనా వచ్చి కరండి అడిగితే ఊరికే ఇస్తాను, గడప దగ్గర ఏదీ పెట్టమనను. అడిగేవాళ్ళే లేరు. కోసపాళయం బావి మీద బండ వేసి ఎన్నో ఏళ్ళయింది, దాని మీద ఎవరో స్కూటరు నిలబెడుతున్నారు.

కళ్ళు మూసుకుంటే ఆ గుండ్రం మాత్రం ఇంకా కనపడుతుంది. పళ్ళెమంత ఆకాశం, అందులో మా నాయన మొహం లేదు. ఇదివరకైతే గబుక్కున ఏదో ఒకటి అని నవ్వేసేదాన్ని. ఇప్పుడు ఏమీ అనను. నీళ్ళల్లో నిలబడి పైకి చూస్తూ ఉంటాను. ఎక్కడికి పోయాడో నాకు తెలుసు. చెంబు తేవడానికి పోయాడు. వస్తాడు.